పన్నెండడుగులు మింగిన లెన్సు

ఈ సంగతి మొదట చెప్పింది పల్నాటి వైపు బండలాగుడు పందేలలో టేపు పట్టే నర్రా అంకయ్య గారు. తర్వాత చాలామంది చెప్పారు, తలా ఒక తోక తగిలించారు. తగిలించిన వాళ్ల పేర్లన్నీ గుర్తున్నాయి గానీ ఇక్కడ ఎత్తదలచుకోలేదు. ఇది అంకయ్య గారు చెప్పిన ప్రకారమే.

ఫొటో స్టూడియో శోభనాద్రి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదన్నా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ప్రశ్నను తమలపాకు చిలకలా దవడన పెట్టుకుని ఊరుకుంటారు. అది ఎప్పుడు పండితే అప్పుడే జవాబు. శిష్యుడు పున్నారావు తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గర ఉన్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ యేడు కొత్తగా ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొన్నాడు. కొన్న నాటి నుంచి ఒకటే పాట.

"గురువు గారూ, దీనికి దూరపు జూమ్ లెన్సు ఏది కొనమంటారు? డెబ్భై నుంచి రెండొందల ఎం.ఎం. దాకా పోయేదా, నూరు నాలుగొందలా, రెండొందలు ఆరొందలా?"

మొదటిది వెలుతురు బాగా తాగుతుంది గానీ దూరం అందదు. చివరిది గద్ద కంట్లో నలుసు కూడా చూపిస్తుంది గానీ మోస్తే భుజం దిగిపోతుంది. మధ్యది మధ్యరకం. ఇవన్నీ పున్నారావుకు కంఠతా వచ్చు. అతని బాధ వేరే. కిందటి యేడు బండలాగుడు పందేల్లో ఎడ్ల పక్కకు పోయి దగ్గర లెన్సుతో తీస్తే ఇవతలున్న దాపటి ఎద్దు కొండలా, అవతలున్న వెలపటిది దూడలా పడ్డాయి. ఎడ్ల ఆసామి ఆ ఫొటో నలుగురి మధ్య పట్టుకుని, "మా వెలపటిదానికి ఇంకా పాలు మాన్పించలేదా పున్నారావూ?" అన్నాడు. ఆ నవ్వు ఏడాది పొడుగునా అతని వెంట తిరిగింది. దూరం నుంచి తీస్తే రెండెడ్లూ సమానంగా పడతాయని అతనికి తెలుసు. అది నిజమే, కాదనడానికి లేదు.

అందుకని ఆ యేటి పందేలకు నూరు నాలుగొందలది గుంటూరు నుంచి ఒక్క రోజుకు తెచ్చుకున్నాడు. బండ లాగే బాట కొసకు మూడొందల అడుగుల అవతల ట్రాక్టరు ట్రక్కు ఎక్కి నిలబడ్డాడు. ఆఖరి జత దిగింది. బండ సున్నపు గీతను తాకితే మొదటి బహుమతి, తాకకపోతే రెండోది. ఈల పడింది. అంకయ్య గారు ఉరికి బండ ముందంచు దగ్గర మేకు దిగ్గొట్టారు. అంతలో జనం విరగబడ్డారు. మేకును ఎవరి కాలో ఎగదన్నింది, బెదిరిన ఎడ్లు బండను పక్కకు ఈడ్చుకుపోయాయి. అంకయ్య గారు మేకు పోయిన చిల్లులో మడమ పెట్టి నిలబడి, "గీతకు పన్నెండడుగులు తక్కువ" అన్నారు. ఆ జత ఆసామి మనుషులు తాకిందన్నారు.

"ఈల పడ్డప్పటి ఫొటో నా దగ్గరుంది," అన్నాడు పున్నారావు.

అందరూ కెమెరా మీదికి వంగారు. రెండెడ్లూ కవలపిల్లల్లా ఉన్నాయి. వాటి మధ్య సందులో బండ, బండను ఒరుసుకుంటూ గీత మీది ఎర్రజెండా. కమిటీ ప్రెసిడెంటు యలమందయ్య గారు తల పంకించారు. "ముప్పై ఒక్క యేళ్లు టేపు పట్టావు అంకయ్యా, ఇక కళ్లకు విశ్రాంతి ఇయ్యి. మనిషి తప్పుతాడు గానీ ఫొటో తప్పదు." బండ గీతను తాకిందని మైకులో చెప్పించారు, ఆ కొలతే కమిటీ పుస్తకంలో సిరాతో రాయించారు.

అంగుళం తేడా ఎన్నడూ అనిపించుకోని మనిషి పదిమందిలో గుడ్డివాడనిపించుకున్నాడు. అయినా చిల్లులోంచి మడమ తీయలేదు. పున్నారావు అది చూశాడు. చూసి, లెన్సు నిమురుకుంటూ, అయితే నూరు నాలుగొందలదే అనుకున్నాడు.

శోభనాద్రి గారు అప్పటిదాకా డేరా కింద మజ్జిగ తాగుతున్నారు. గ్లాసు బోర్లించి లేచారు.

"ప్రెసిడెంటు గారూ, జ్ఞాపకానికి ఒక ఫొటో. తమరు జెండా దగ్గర. సెక్రటరీ గారు అదుగో, అంకయ్య గారి పక్కన. ఒరే పున్నారావూ, నువ్వు మళ్లీ ఆ ట్రక్కే ఎక్కు."

సెక్రటరీ గురవయ్య గారు ప్రెసిడెంటుకు వియ్యంకుడు. పెళ్లిలో రెండో బంతికి గారెలు చాలలేదన్న మాట మీద ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

"ఆయన ఉన్న ఫొటోలో నేనుండను," అన్నారు యలమందయ్య గారు, జెండాతో.

"ఈయన పక్కన నిలబడాలని ఇక్కడెవరూ మొక్కుకోలేదు," అన్నారు గురవయ్య గారు, అంకయ్యతో.

"మధ్యన పన్నెండడుగులుంది. ఇద్దరూ చేతులు చాచినా తగలవు," అన్నారు గురువు గారు.

ఇద్దరూ ఆ ఎడం ఒకసారి కళ్లతో కొలుచుకున్నారు. సరిపోతుందనుకుని ఒప్పుకున్నారు. గురువు గారు ప్రెసిడెంటును ఒక అడుగు ఇటు జరిపి చెయ్యెత్తారు. పున్నారావు నొక్కాడు.

నొక్కి, కెమెరా వెనక అద్దంలో చూసుకుని ట్రక్కు మీదే కూర్చుండిపోయాడు. గురవయ్య గారు వెనక నుంచి యలమందయ్య గారి భుజం మీద గడ్డం ఆనించి, చెవిలో ఏదో ముద్దుగా చెబుతున్నట్టున్నారు.

"తెచ్చి చూపించు," అన్నారు గురువు గారు.

ప్రెసిడెంటు చూశారు. మెడ మీద నరాలు లేచాయి. "ఈయన నా భుజం మీద గడ్డం ఎప్పుడు పెట్టాడు? నేను ఈయన పక్కన ఎప్పుడు నిలబడ్డాను? శుద్ధ అబద్ధం. ఊళ్లో చూస్తే రాజీ పడ్డామనుకుంటారు."

"బండ కూడా అదే మొత్తుకుంటోందండి," అన్నారు శోభనాద్రి గారు, "నేను జెండా పక్కన ఎప్పుడు నిలబడ్డానని."

యలమందయ్య గారు అంకయ్య మడమ వంక ఒకసారి చూశారు, పుస్తకం వంక ఒకసారి చూశారు. "సిరా ఆరిపోయింది శోభనాద్రీ. మైకులో కూడా చెప్పేశాం. వచ్చే యేడు చూద్దాం లే," అన్నారు. తన ఫొటో మటుకు చెరిపేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

జనం పలచబడ్డాక పున్నారావు గురువు గారి దగ్గరకొచ్చాడు. అంకయ్య గారి వైపు చూడలేక నేల చూపులు చూస్తూ, అలవాటు చొప్పున అదే ప్రశ్న అడిగాడు. "అయితే ఏది కొనమంటారు గురువు గారూ?"

"మూడూ మంచివే, ఏదైనా కొనుక్కో. ముందు ఆ పెద్దాయన మడమ ఎత్తేలోగా జెండా దగ్గర్నుంచి అక్కడికి ఒకసారి నడిచి రా."

ఆ పుస్తకం ఇప్పటికీ కమిటీ బీరువాలోనే ఉంది. ఆ యేటి పేజీలో పన్నెండడుగులు ఇప్పటికీ ఎక్కువే ఉన్నాయి. నాకు రాయడం వచ్చింది సంతకం వరకే. చదువుకున్న వాళ్లెవరైనా వెళ్లి ఆ అంకె కొట్టేసి, అంకయ్య గారు చెప్పిన కొలత రాయండి. సిరాతోనే రాయండి.