మాత్రలు ఆపిన పన్నెండు రోజులు

జమాల్‌కి ఒక లెక్క తేలడం లేదు.

దర్గాకు మతి చెదిరినవాళ్ళు వస్తారు. గురువు కరీముల్లా షా వాళ్ళ తలమీద చేయి పెట్టి దువా చేస్తాడు. బుధవారం రాగానే వాళ్ళనే టౌనులో పెద్దాసుపత్రికి, మానసిక వైద్యుల దగ్గరికి పంపిస్తాడు. అక్కడ మాత్రలిస్తారు. కొందరికి నయమవుతుంది. దేనివల్ల? దువా వల్లా, మాత్ర వల్లా?

"రెండూ ఒకేసారి ఇస్తే ఏది పనిచేసిందో ఎట్లా తెలుస్తుంది హజ్రత్?" అని ఒకరోజు అడిగాడు.

గురువు గోధుమపిండి జల్లిస్తున్నాడు. "తెలిస్తే ఏం చేస్తావు?"

"పనిచెయ్యనిదాన్ని తీసేస్తాను."

గురువు జల్లెడ దులిపి ఇంకో చేటెడు పిండి పోసుకున్నాడు.

జమాల్‌కి ఇరవై మూడేళ్ళు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాడు. శిష్యుడిగా చేరి ఏడాది. ఈ ఏడాదిలో వచ్చినవాళ్ళందరినీ ఒక పుస్తకంలోకి ఎక్కించాడు. నూటనలభై ఆరుగురు. నయమైనవాళ్ళు ఎనభై తొమ్మిది మంది. అంటే వందకు అరవై ఒక్కరు. మిగతా ముప్పై తొమ్మిది ఎక్కడ పోయిందన్నదే అతని బాధ.

ఆ వారమే ఓబులేసును తీసుకొచ్చారు. కరెంటు లైన్‌మన్. రెండు నెలలుగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాట లేదు, స్నానం లేదు. భార్య నాగరత్న నోట్లో ముద్ద పెడితే నమిలేవాడు, లేకపోతే లేదు. నాలుగేళ్ళుగా ఆసుపత్రి మాత్రలు వాడుతున్నాడు.

"డాక్టరమ్మ మందు మార్చింది సామీ. గుణం కనపడను నెలన్నా పడుతుందనింది. నాకే ఓపిక పట్టల్యా" అంది నాగరత్న.

గురువు ఆమెతో అరగంట మాట్లాడాడు. జబ్బు గురించి ఒక్క మాట అడగలేదు. స్తంభం ఎట్లా ఎక్కుతాడు, లైను ఎట్లా ఆపుతారు, పైఅధికారి ఏఈ ఎట్లాంటివాడు, ఇవే అడిగాడు. ఆలోగా జమాల్ ఓబులేసు బరువు, తిండి, నిద్ర రాసుకున్నాడు. యాభై రెండు కిలోలు. ఒకటిన్నర రొట్టె. పదహారు గంటలు.

మర్నాడు గురువు చిల్లాలో కూర్చున్నాడు. ఉరుసుకు ముందు ఏటా పన్నెండు రోజులు చిన్న గదిలో ఒంటరిగా, మౌనంగా ప్రార్థనలో గడుపుతాడు. తిండి గడప దగ్గర పెట్టి వచ్చెయ్యాలి. అన్నాళ్ళూ దర్గా భారం జమాల్‌దే.

గది తలుపు మూసుకున్న గంటలోనే జమాల్ నాగరత్న దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, ఈ పన్నెండు రోజులూ మాత్రలు వద్దు. దువా ఒక్కటే చూద్దాం."

ఆమె బెదిరింది. "ఒక్క పూట కూడా ఆపొద్దనింది సామీ డాక్టరమ్మ."

"నాలుగేళ్ళు వేశావు. ఏమైంది? లేచి కూర్చున్నాడా?"

ఆమె మూసిన గదివైపు చూసింది. "పెద్దసామి చెప్పినాడా?"

జమాల్ పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. "దర్గా చెప్తోంది" అన్నాడు.

ఆరు రోజులు ఏమీ జరగలేదు. ఏడో రోజు ఓబులేసు లేచి కూర్చుని టీ అడిగాడు. నాగరత్న గ్లాసు పట్టుకునే ఏడ్చింది. ఎనిమిదో రోజు నాలుగు రొట్టెలు తిన్నాడు. తొమ్మిదో రోజు తెల్లవారేసరికి ప్రహరీగోడ ఒకవైపంతా సున్నం కొట్టేసి ఉన్నాడు. పదో రోజు వంటవాళ్ళకు వంట నేర్పాడు, ఖవ్వాలీ వాళ్ళకు పాట నేర్పాడు. జమాల్ పుస్తకంలో అన్ని అంకెలూ పైకి లేచాయి. నిద్ర ఒక్కటే దిగింది. పదహారు నుంచి ఏడుకు, ఏడు నుంచి రెండుకు. దాన్నీ అతను లాభం కిందే వేసుకున్నాడు.

"ఏమప్పా ఓబులేసూ, అలుపు రాదా నీకు?"

"అలుపా? జిల్లాకంతా కరెంటు నా ఒంట్లోనుంచే పోతాండాది చిన్నసామీ! మీటరు పెట్టి చూడు, కాలిపోతాది!"

అందరూ నవ్వారు. జమాల్ కూడా నవ్వి, పుస్తకంలో నయమైనవాళ్ళ లెక్క 'తొంభై' అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

నాగరత్న నవ్వలేదు. "నాకు భయంగా ఉండాది సామీ. మొట్టమొదట జబ్బు చేసినప్పుడు కూడా ఇట్లనే ఉన్నాడు. దావన పోయేటోన్ని పిల్చి మోటరుసైకిలు ఇచ్చేసినాడు."

"పడుకుంటే ఏడుస్తావు, లేస్తే ఏడుస్తావు. ఏం మనిషివక్కా!"

పన్నెండో రోజు జెండా. సదరు దర్వాజా అనే పెద్దవాకిలి మీదున్న పొడవాటి కొయ్యకు పచ్చజెండా కడితేనే ఉరుసు మొదలైనట్టు. ఆ ఏడు దర్గాలో నయమైన మనిషి చేతనే కట్టించడం ఆచారం. జమాల్ ఓబులేసును ఎంచాడు. స్తంభాలెక్కే మనిషి, ఇంకెవరు కావాలి? మూడు నాలుగు వందల మంది వాకిట్లో చేరారు.

గురువు అప్పుడే గది తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. ఎండకు కళ్ళు చికిలించి గోడవైపు చూశాడు.

"సున్నం ఎవరు కొట్టారు?"

"ఓబులేసు, హజ్రత్! ఒక్కడే! రెండు గంటలు పడుకుంటాడు, నలుగురి పని చేస్తాడు." జమాల్ గొంతు తగ్గించాడు. "పన్నెండు రోజులుగా ఒక్క మాత్ర లేదు. దువా ఒక్కటే."

గురువు గిరుక్కున జనంవైపు తిరిగాడు. "ఎక్కడున్నాడు?"

జమాల్ నవ్వుతూ పైకి చూపించాడు.

జెండా కట్టడం అప్పటికే అయిపోయింది. కానీ ఓబులేసు దిగడం లేదు. కొయ్యను ఒక చేత్తో పట్టుకుని రోడ్డు పక్క లైనువైపు ఒరిగాడు. పదకొండు వేల ఓల్టుల తీగ. అక్కణ్ణుంచి చేయి చాస్తే అందదు. ఇంకొంచెం ఒరిగితే అందుతుంది.

"చూస్తాండండి అందరూ!" అని అరిచాడు. "ఉత్త చేత్తో పట్టుకుంటా. నాకేం గాదు. ఆ కరెంటు నాదే!"

కింద ఎవరో చప్పట్లు కొట్టారు. నాగరత్న కేకతో ఆ చప్పట్లు ఆగిపోయాయి.

జమాల్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు. నాలుగోసారీ అంతే. ఇద్దరు మెట్లవైపు పరిగెత్తబోతే గురువు చేయి అడ్డం పెట్టాడు.

ఆయన నీడలోంచి ఎండలోకి, అందరికంటే ముందుకు వచ్చి నిలబడ్డాడు. తల ఎత్తి, పక్కింట్లో ఉప్పు అడిగినంత మామూలుగా అడిగాడు.

"ఓబులేసూ, ఎల్సీ తీసుకున్నావా?"

ఎల్సీ అంటే లైన్ క్లియర్. తీగ ముట్టుకునే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించి, అక్కడి పుస్తకంలో తన పేరు రాసి సంతకం పెట్టాలి. అది లేకుండా ముట్టుకోకూడదని పనిలో చేరిన మొదటి రోజే నేర్పుతారు.

పైన చేయి ఆగింది.

"నాకెందుకు సామీ ఎల్సీ?"

"నీకొద్దులే. రేపు పుస్తకం చూసే ఏఈ సారుకు?"

ఓబులేసు ఆలోచనలో పడ్డాడు. "నిజమే. ఆయప్ప రాకాసోడు. సంతకం ల్యాకపోతే సస్పెండు చేస్తాడు."

"ఎవరి పేరుమీద తీసుకోవాలి?"

"పని చేసేటోనిదే. నాదే."

"అయితే నీ సంతకం నేను పెట్టడానికి లేదు."

"నువ్వెట్ల పెడతావు! నీకు స్తంభం ఎక్కను వచ్చునా?"

"రాదు."

"అదీ!" ఓబులేసు పెద్దగా నవ్వాడు. "ఉండు, దిగొస్తాండా."

ఒక్కో అడుగే దిగాడు. అతని కాలు నేలకు తగలగానే గురువు మణికట్టు పట్టుకున్నాడు.

"పుస్తకం యాడుండాది సామీ?"

"పుస్తకం సంగతి తర్వాత. ఇప్పుడు డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాం. నీకు జబ్బు తిరగబెట్టింది. నీతో అబద్ధం చెప్పి తీసుకుపోను."

"నాకు జబ్బా? ఇన్నేండ్లకు ఇప్పుడే గదా బాగుండేది!" ఓబులేసు చేయి లాక్కోబోయాడు.

నాగరత్న ఇంకో చేయి పట్టుకుంది. "నాకు బాగలేదు. నాతో రా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. చూసి, ఆటో ఎక్కాడు. దారిలో ఆమె జరిగిందంతా గురువుకు చెప్పింది. జమాల్ డ్రైవరు పక్కన కూర్చుని రోడ్డే చూస్తున్నాడు.

ఆసుపత్రిలో సూదిమందు వేశాక, ఓబులేసు మాట మెల్లగా తగ్గి కళ్ళు మూతపడ్డాయి. డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది.

"దీన్ని బైపోలార్ అంటారని నాలుగేళ్ళుగా చెప్తున్నా. కొన్నాళ్ళు గుంతలో పడిపోతాడు, కొన్నాళ్ళు ఆకాశంలో తిరుగుతాడు. రెండూ జబ్బే. లేచి తిరిగాడని సంబరపడితే ఎట్లా? మాత్రలు ఎవరు ఆపారు?"

నాగరత్న తల వంచుకుంది. "నేనే మేడం."

"నువ్వా? చీటీ మీద రాసిచ్చాను కదమ్మా! ఈరోజు ఆ తీగ తగిలుంటే ఎవరిని తీసుకొచ్చేదానివి నా దగ్గరికి?"

జమాల్ గోడకు ఆనుకుని ఉన్నాడు. నాగరత్న అతని పేరు చెప్పలేదు. అతనివైపు చూడను కూడా చూడలేదు.

గురువు బెంచీ మీదినుంచి లేచాడు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు.

"ఆ బిడ్డ తప్పు లేదమ్మా. దర్గా ఆపమంది. దర్గా అంటే నేను."

"మీరా?" ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "ప్రతి బుధవారం మనుషుల్ని పంపేది మీరే కదా! చెవుల్లో గొంతులు వినబడే స్కిజోఫ్రీనియా వాళ్ళను కూడా మీ మాట నమ్మే కదా దర్గాకు తిరిగి పంపిస్తున్నా, అక్కడ మాత్ర తప్పదని! డెబ్భై ఏళ్ళు వచ్చాయి, ఇంత మాత్రం తెలియదా?"

వరండాలో వాళ్ళంతా చూస్తున్నారు. "ఇట్లాంటోళ్ళను జైల్లో ఎయ్యాల" అన్నాడు ఒకాయన. గురువు తల ఎత్తలేదు. పన్నెండు రోజులు మడిచి కూర్చున్న కాళ్ళతో సిమెంటు నేలమీద అట్లానే నిలబడ్డాడు.

జమాల్ గోడ వదిలి ముందుకు వచ్చాడు.

"నేను మేడం. హజ్రత్‌కు తెలియదు. అక్క వద్దనింది. నేనే ఆపించాను. ఏది పనిచేస్తుందో చూద్దామని."

డాక్టరమ్మ ముగ్గురినీ వరసగా చూసింది.

"ఆపినవాళ్ళు ముగ్గురు దొరికారు" అంది. "వేసేవాళ్ళెవరు?"

జమాల్ రెండు చేతులూ చాచాడు. డాక్టరమ్మ కొత్తగా రాసిన మందుల చీటీ ఇవ్వకుండా నాగరత్నవైపు చూసింది. నాగరత్న ఆ చేతులవైపు చూసింది. తల ఊపింది.

"బిస్మిల్లా" అని జమాల్ చీటీ అందుకున్నాడు.

గురువు వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. "ఏం రాసింది?"

"లేచాక రెండు మాత్రలు హజ్రత్. అన్నం తిన్న తర్వాత."

"అయితే ముందు అన్నం చూడు" అన్నాడు గురువు.