చిలక తెచ్చిన రాజాజ్ఞ

ఊఁ కొడితేనే చెబుతాను, నిద్రపోయారంటే ఊరుకోను! అనగనగా ఒక రాజు. రాజు మంచివాడే. ఆయన పేరు చెప్పి బతికే మాంత్రికుడే వెధవ. ఆ వెధవ ప్రాణం ఒక చిలకలో ఉంది. దాన్ని పట్టి తెస్తానని రాకుమారుడు ఏడు సముద్రాలు దాటి వెళ్లాడు. చిలక అక్కడుంటేగా! ఇక్కడే, మన వీధుల్లోనే, ముసలివాళ్ల కిటికీల మీద వాలుతోంది.

ఒకనాడది చెంచయ్య కిటికీ మీద వాలింది. ఆయన మగ్గం మానేసిన ముసలాయన, ఒంటరివాడు.

"నేను రాజదూతను! నీ మీద నేరం మోపారు. గడప దాటావా, తల తీస్తారు. ఎవరికైనా చెప్పావా, వాళ్ల తలా తీస్తారు!" అంది చిలక.

పాపం, ఆయన వణికిపోయి గడియ పెట్టుకున్నాడు. మొదటిరోజు వెండి ఉగ్గుగిన్నె అడిగింది, ఇచ్చాడు. రెండోరోజు ఉంగరం అడిగింది, ఇచ్చాడు. "రేపు నీ భార్య కాసులపేరు ఇవ్వు, నేరం మాఫీ" అంది. పోయిన ఇల్లాలి మెడలోది అదొక్కటే మిగిలింది. తిండి మానేసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజు పొద్దుపోయినా ఆ ఇంట పొయ్యి రాజలేదని పక్కింటి నాంచారమ్మ కనిపెట్టింది. వెళ్లి తలుపు బాదింది.

"అన్నా! ఏమైంది?"

"ఏం లేదమ్మా, వెళ్లు."

"తియ్యకపోతే ఇక్కడే కూర్చుంటా, నాకేం తొందర!"

చివరికి తలుపు సందులోంచి ఏడుస్తూ అంతా చెప్పాడు. "ఇక నీ తలా తీస్తారు తల్లీ!"

"తియ్యమను చూస్తా!" అని నాంచారమ్మ కొంగు బిగించింది. "నా మొగుడు నలభై ఏళ్లు దండోరా వేశాడు. పన్ను పెంచినా తగ్గించినా పట్టపగలు నడివీధిలో డప్పు కొట్టి చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని చెవిలో ఊదిన రాజాజ్ఞ ఒక్కటి లేదు. అది దూత కాదన్నా, దొంగ!"

"అయితే ఇంత వయసొచ్చి మోసపోయానా? నలుగురూ నవ్వుతారే!"

"నవ్వనీ! సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు. నువ్వెందుకు తల దించుకోవాలి?"

మూడోరోజు చిలక వచ్చింది. నేలమీద కాసులపేరు చూసి లోపలికి దిగింది.  చెంచయ్య గొంతెత్తి, "ఇవ్వను! దూతవైతే పద, నడివీధిలో చెప్పు!" అన్నాడు. చిలక ఎగిరిపోబోయింది. తలుపు వెనకున్న నాంచారమ్మ ఠపీమని దాని మీద కోళ్లగంప బోర్లించింది.

మాంత్రికుడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, నా ప్రాణం! వదులు, ఏడువారాల నగలిస్తా!"

"నీ నగలెవరిక్కావాలిరా! ఎవరివి వాళ్లకిచ్చెయ్!"

వాడు దోచిన నగల మూట విప్పాడు. అయినా వదిలిందా? గంప నెత్తినెత్తుకుని వీధిన పడింది. మొదటి వీధిలో నాంచారమ్మ గద్దిస్తే "నేను రాజదూతను కాను" అని చిలక ఒప్పుకుంది, వెంట వస్తున్న మాంత్రికుడు నడుమెత్తుకు కుంగాడు. రెండో వీధిలో ఒప్పుకుంది, మోకాలెత్తయ్యాడు. మూడో వీధిలో బొటనవేలంతై మురిక్కాలవలో పడి కొట్టుకుపోయాడు. వీధి వీధికీ మూసిన తలుపులు తెరుచుకుని, "మా ఇంటికీ వచ్చింది!" అంటూ ముసలివాళ్లు బయటికొచ్చారు. ఇంతమందా అని చెంచయ్య వాళ్లను పట్టుకుని భోరుమన్నాడు.

రాకుమారుడికి చిలకైతే దొరకలేదు గానీ, ఏడో సముద్రం అవతల పెళ్లికూతురు దొరికింది. పెళ్లికి పిలవడానికి రాజే స్వయంగా వచ్చి చెంచయ్య తలుపు తట్టాడు.

"ఎవరు?"

"రాజును."

"అలాగా! అయితే కాసేపు ఆ ఎండలోనే నిలబడు. నలుగుర్నీ పిలుస్తా, వాళ్లు నిన్ను గుర్తుపడితే తీస్తా."

రాజు పకపకా నవ్వాడు, చెమటలు కారుతున్నా కదలకుండా నిలబడ్డాడు. పెళ్లి జరిగింది, రాకుమారుడు రాజయ్యాడు, అరవై ఏళ్లు ఏలాడు. ఆ అరవై ఏళ్లూ ఏ ముసలివాళ్ల తలుపు తట్టినా, తీసేదాకా వీధిలోనే నిలబడ్డాడు.