పాయలో దించిన కుడితి తొట్టి

పేర్రాజుకు వీధిలో నడవాలంటే సిగ్గు. చేతిలో చెక్క చెక్కే బాడిస ఉన్న రోజున మరీను. ఎవరో ఒకరు "ఈసారి ఏ ఓడ కడుతున్నావు పేర్రాజూ?" అని అడుగుతారు. ఓడ లేదని అడిగేవాడికీ తెలుసు.

మొదటి పెద్ద యుద్ధం అయిపోయి, రెండోది ఇంకా రాని రోజులవి. గోదావరి సముద్రంలో కలిసేచోట, ఓ పాయ ఒడ్డున, ఓడలు కట్టే వాడ ఒకటి ఉండేది. ఓడల గురించి నాకు తెలిసిందల్లా ఎక్కితే కడుపులో తిప్పుతుందనే. తక్కినదంతా వాడవాళ్లు చెప్తే తలూపుతూ విన్నాను. వాళ్లు కట్టిన తెరచాప ఓడలు రంగూన్ దాకా వెళ్లి టేకు వేసుకొచ్చేవి. పొగ ఓడలు వచ్చాక సరుకంతా వాటికెక్కింది. గాలి కోసం కాచుక్కూచునే ఓపిక షావుకార్లకు పోయింది.

వాడకు పెద్ద లోవయ్య మేస్త్రి. ఆయన శిష్యులంతా ఒక్కొక్కరే రైసుమిల్లుల్లో చేరిపోగా, పేర్రాజు ఒక్కడే మిగిలాడు.

ఓ రోజు గేదెల మాణిక్యం వచ్చి కుడితి తొట్టి కావాలంది. లోవయ్య మూల పడున్న టేకు పలకలు చూపించి, "కట్టిపెట్టరా" అన్నాడు.

పేర్రాజు మొహం మాడిపోయింది. "రంగూన్ పోయే ఓడలు నేర్పించి, గేదెలకు కంచాలు కట్టమంటారేంటండి?"

లోవయ్య చుట్ట వెలిగించుకున్నాడు. అంటే మాట అయిపోయిందని.

పేర్రాజు పాకలో చాటుగా కూచుని, ఎవరి కంటా పడకుండా కట్టాడు. పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పొయ్యడం ఓడలకు చేసే పని. గేదెకు అంత మర్యాదెందుకని ఉత్త బంకమన్ను మెత్తాడు.

పట్టుకెళ్లిన మర్నాడే మాణిక్యం తొట్టిని బండిమీద వేసుకుని తిరిగొచ్చింది.

"మా గేదె మూతి పెట్టేలోపు కుడితంతా నేలే తాగేస్తందండి మేస్త్రిగారూ. మీ ఓడలు పోయింది పొగ ఓడల వల్లేననుకున్నాను నేను."

పేర్రాజు చెవులు కాలిపోయాయి. లోపలికెళ్లి బాడిస తెచ్చి గురువు కాళ్ల దగ్గర పెట్టాడు.

"నాకు సెలవిప్పించండి. మిల్లులో బస్తాలు మోసుకుంటాను. అక్కడైతే నేనెవరి శిష్యుణ్ణో ఎవరూ అడగరు. ఈ తొట్లు కట్టుకుంటా మీ పేరు చెప్పుకోలేనండి."

లోవయ్య బాడిస వంక చూడలేదు. వంగి తొట్టి సందులో వేలు పెట్టి రుద్దాడు. వేలికి మన్ను అంటింది. చూసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

"పోదువుగానిలే. ముందు దీన్ని నీళ్లలోకి దించుదాం, పట్టు."

"తొట్టినాండీ?"

"మన వాడలో కట్టిందే కదరా."

ఇద్దరూ మోసుకెళ్లి పాయలో దించారు. లోవయ్య చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకున్నాడు. పంచె ఎగ్గట్టి తొట్టిలోకెక్కి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూచున్నాడు. తొట్టి అటూ ఇటూ ఊగి నిలబడింది.

"మేస్త్రిగారూ, దిగండి. జనం చూస్తున్నారు."

"చూడనీ. కొత్త ఓడ నీళ్లకు దిగితే మేస్త్రి అడుగున కూచోవాలా వద్దా? నీళ్లొస్తే ముందు తడవాల్సింది వాడే. తాతలు పెట్టిన ఆచారం."

"కట్టింది నేను కదండీ. నేను కూచుంటాను."

"నీకు నేర్పింది నేను."

ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు లేచి నిలబడ్డారు. అందులో ఒకడు కేకేశాడు. "మేస్త్రిగారూ, రంగూనుకేనా?"

"గాలి బాగుంటే" అన్నాడు లోవయ్య.

అందరూ నవ్వారు. మాణిక్యం కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంతలో మన్ను కరిగింది. నీళ్లు ముందు పలకల్లోంచి ఊటలా వచ్చాయి. తర్వాత దాపరికం లేకుండానే వచ్చాయి. లోవయ్య పంచె తడిసింది. నడుము తడిసింది. ఆయన కదల్లేదు. పెద్ద పెద్ద ఓడల అడుగున ఎలా కూచునేవాడో అలాగే, వీపు నిటారుగా పెట్టి, ఎదురుగా చూస్తూ కూచున్నాడు. ఒడ్డుమీద నవ్వు దానంతటదే ఆగిపోయింది. తొట్టి మెల్లగా మునిగి, ఆయనతో సహా బురదలో కూచుంది.

పేర్రాజు నీళ్లలోకి దిగి చెయ్యందించాడు. గురువు మొహంలోకి చూడలేకపోయాడు. ఆయన్ని ఒడ్డెక్కించి, మళ్లీ దిగి, తొట్టిని ఒక్కడే లాక్కొచ్చి బోర్లించాడు. అందరి ఎదుటా చతికిలబడి, సందుల్లో మిగిలిన మన్ను గోళ్లతో గీకడం మొదలుపెట్టాడు.

లోవయ్య పంచె పిండుకుంటున్నాడు.

"చాలా ఓడల్లో కూచున్నానురా" అన్నాడు. "తడవడం ఇదే మొదలు."