గిట్టల డాక్టరు నక్క

ఆ ఏడాది వానలు పట్టుకుని వదల్లేదు. మునెమ్మకు నడుం పట్టేసి పేడ ఎత్తడం మానేసింది. పేడా, ఉచ్చా, వాననీళ్ళూ కలిసి ఆమె పశువుల కొట్టంలో గిట్టలు మునిగేంత బురదయింది. ఆ బురదలోనే ఏడు ఆవులు, బూడిది అనే ఒక ముసలి గేదె.

ఆవుల్లో సింగారికి, తనంత పాలిచ్చేది మండలంలోనే లేదని పొగరు. వారం కిందటే ఈనింది. దూడ ఇంకా తడబడుతూ తిరుగుతోంది.

ఒకనాడు సింగారి వెనక కాలు కింద పెట్టలేకపోయింది. గిట్టల సందున ఎర్రటి పుండు. దగ్గరికి పోతే ముక్కు పగిలే కంపు.

"ముల్లు గుచ్చుకుందిలే," అంది సింగారి.

"ముల్లు ఇంత కంపు కొట్టదు," అంది బూడిది.

మధ్యాహ్నం మునెమ్మ పాలకేంద్రానికి పోగానే చెరుకు తోటలోంచి నక్క వచ్చింది.

"అక్కా, నేను గిట్టల డాక్టర్ని. కొండ మీది గొర్రెలన్నీ నా దగ్గరే చూపించుకున్నాయి."

"ఇప్పుడా గొర్రెలు ఎట్లున్నాయి?" అడిగింది బూడిది.

"ఒక్కటి కూడా కుంటడం లేదవ్వా."

నక్క పుండు వాసన చూసి, మొహం తిప్పుకుని, దూడ వంక ఒకసారి చూసి మందు చెప్పింది. "ఒంట్లో వేడి గిట్టలోకి దిగింది. చల్లటి బురదలో కదలకుండా నిలబడు. బురదే మందు!"

నడిస్తే ప్రాణం పోతున్న సింగారికి ఈ మందు తెగ నచ్చింది. అంత పాలిచ్చేదే నమ్మాక మనదేముందని మిగతా ఆవులూ నిలబడ్డాయి. పది రోజులు తిరిగేసరికి ఐదు ఆవులు కుంటుతున్నాయి. మేత ముట్టడం లేదు. పాలు సగానికి పడ్డాయి. నక్క మాత్రం రోజూ వచ్చి "పాకానికొస్తోంది" అని తలాడించేది. వచ్చిన ప్రతిసారీ దూడకు ఒక అడుగు దగ్గరగా కూర్చునేది.

పాలు తగ్గేసరికి మునెమ్మ పశువుల డాక్టరమ్మను పిలిపించింది. ఆమె సింగారి కాలెత్తి, కడిగి చూసి కసిరింది.

"ముల్లూ కాదు, వేడీ కాదు. బ్యాక్టీరియా! కంటికి కనపడవు. గాలి తగలని బురదంటే వాటికి పండగ. తడికి నానిన చర్మంలోంచి దూరతాయి. ఒకదాని కాలి నుంచి బురదలోకి, అక్కడి నుంచి ఇంకోదాని కాలికి. ముందు ఈ కొట్టం ఎండబెట్టమ్మా!"

మునెమ్మ మనుషుల్ని పెట్టి బురదంతా ఎత్తించింది. పుండ్లకు మందు వేయించింది. వాకిట్లో బ్యాక్టీరియాను చంపే మైలతుత్తం కలిపిన నీళ్ళ తొట్టి పెట్టి, ఆవుల్ని అందులోంచి నడిపించింది. మనుషుల సందడి ఉన్నన్నాళ్ళూ నక్క తోట దాటలేదు.

రెండు వారాలకు అందరి కాళ్ళూ నేల మీద ఆనాయి. సింగారికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నా వల్ల అందరి కాళ్ళూ పోయేవవ్వా. వాడు కనపడితే తంతాను."

"వాడు దూరంగా ఉంటే గాల్లో తంతావా? దగ్గరికి రానీ. అందాకా కుంటు."

మర్నాడు మధ్యాహ్నం నక్క వచ్చేసరికి ఏడు ఆవులూ మూడు కాళ్ళ మీద నిలబడి మూలుగుతున్నాయి. ఒక ఆవు ఏ కాలు నొప్పో మర్చిపోయి మధ్యలో కాలు మార్చింది. నక్క చూపు దూడ మీదుంది కాబట్టి సరిపోయింది.

"నేల ఎండిందేమక్కా?"

"అందుకే నొప్పి ఎక్కువైంది డాక్టరుగారూ! అడుగు కదపలేను. ఏవో కనపడని పురుగులంట."

నక్క పకపకా నవ్వింది. "కనపడనివి కరుస్తాయా, పిచ్చిదానా! కదలకుండా ఉండు. నీ దూడ గిట్టలు కూడా చూసి వస్తా."

దూడ కాలికి నోరు పెట్టబోయిందో లేదో, సింగారి వెనక గిట్ట దవడకు తగిలింది. పక్క ఆవు ఇంకోటి తగిలించింది. నక్క కంచె అవతల పడింది.

"అవి కనపడవు, నువ్వు కనపడతావు. అంతే తేడా!" అని అరిచింది బూడిది.

దవడ పట్టుకుని ఇల్లు చేరిన నక్కను పెళ్ళాం అడిగింది. "ఏమయ్యా, వైద్యం ఎట్లా సాగుతోంది?"

"రోగులందరికీ నయమైపోయిందే," అని ఏడ్చింది నక్క.

నీతి: కాలు చూపించే ముందు, వైద్యుడి చూపు ఎటుందో చూసుకోవాలి.