జేగురమ్మకు ముఖం వచ్చిన వైనం

సున్నాలగుట్ట మీద వెలసిన జేగురమ్మకు రాతి విగ్రహం లేదు. ముందుకు వంగిన పెద్ద బండ కింద జేగురు అనే ఎర్రరాతి పొడితో, సున్నంతో, బొగ్గుతో గీసిన ఏడేళ్ల పిల్ల ముఖమే ఇక్కడి మూలమూర్తి. బుగ్గల మీద పొక్కుల మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. రంగు కరిగిపోతుందని ఈ తల్లికి అభిషేకం చేయరు.

పూర్వం ఈ గుట్ట కింద సున్నపు బట్టీలు కాల్చుకుని బతికే కుటుంబాలు ఉండేవి. ఒక కరువు ఏడాది ఊరంతటికీ అమ్మవారు పోసింది. సోకినవారిని ఈ బండ కింద వదిలి రావాలని, తోడుండిపోయినవారు మళ్లీ ఊళ్లో అడుగు పెట్టరాదని ఊరిపెద్ద బసిరెడ్డి కట్టడి చేశాడు. అప్పటికే భర్త పోయిన ఓబులమ్మ కూతురు చిన్నక్కకు ఒళ్లంతా పొక్కులు లేచాయి. పాలు తాగే కొడుకును పొరుగింట్లో పెట్టి, ఆమె కూతురిని భుజాన వేసుకుని గుట్ట ఎక్కింది. పిల్ల పక్కన కుండెడు నీళ్లు పెట్టింది.

"అమ్మా, నువ్వూ ఉండు," అంది చిన్నక్క.

కింద పసివాడు ఉన్నాడు. ఓబులమ్మ దిగిపోయింది. మూడోనాడు వెళ్లేసరికి పిల్ల ప్రాణం పోయి ఉంది. కుండలో నీళ్లు అట్లే ఉన్నాయి. వంచుకుని తాగే సత్తువ కూడా ఆ బిడ్డకు లేకపోయింది.

ఆనాటి నుంచి ఆమె నోట మాట లేదు, కంట తడి లేదు. బట్టీకి రాళ్లు మోసేది, కొడుక్కి పాలిచ్చేది. ఏడాది ఇట్లా గడిచింది. ఒక మధ్యాహ్నం బట్టీ పక్కన కునుకు పట్టగా, ముఖం లేని ఒక స్త్రీ కలలోకి వచ్చింది. "నేను ఈ గుట్ట మీది తల్లిని. నువ్వు మరవలేని ముఖం నాకియ్యి," అంది.

ఓబులమ్మ వాగు గట్టున దొరికే జేగురు రాయి నూరి, సున్నమూ బొగ్గూ తీసుకుని గుట్ట ఎక్కింది. వేలితో ముఖం గీస్తే పోలిక రాలేదు. తుడిచేసింది. ఎన్నాళ్లో అట్లా గీసి తుడిచాక, ముఖం వదిలి కుండ గీసింది. తర్వాత కాలిబాట. ఆ బాట మీద వీపు చూపి దిగిపోతున్న ఒక ఆడమనిషి. ఆ వీపు గీసిన నాడు ఆమెకు ఏడుపు వచ్చింది. మర్నాటికి చిన్నక్క ముఖం కుదిరింది.

ఆమెకు గాలి సోకిందని విని బసిరెడ్డి నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. బొమ్మ చూపించి, "ఎవరీ ఆడమనిషి?" అని గద్దించాడు.

"నేనే అయ్యా. బిడ్డ ఉండమన్నా దిగిపోయినాను," అంది ఓబులమ్మ. ఏడాదికి ఆమె పలికిన తొలి మాట అది.

బసిరెడ్డి ఆ బొమ్మ ముందు చతికిలబడ్డాడు. తన కట్టడి తానే తప్పరాదని కన్నతల్లిని కూడా ఆ బండ కిందికే మోయించినవాడు అతడు. "మా యమ్మను గీస్తావా ఓబులా?" అని అడిగాడు.

"అది మీరే గీయాలి," అని ఆమె రంగు చిప్ప అతని చేతికిచ్చింది.

అతడు గీయగలిగింది ఒక వంకర గీత మాత్రమే. మూలమూర్తికి ఎడమవైపున అది ఇప్పటికీ ఉంది.

నేడు ఓబులమ్మ కొడుకు వంశంవారే ఇక్కడ రంగులు నూరి ఉంచుతారు. భక్తులు వెలుపలి బండ మీద తమ మనసులోనిది వేలితో గీస్తారు. ఏం గీశారని ఎవరూ అడగరాదు. చెయ్యి తిరగకపోయినా దోషం లేదు. పోయినవారిని ఈ తల్లి తిరిగి ఇవ్వదు, అది కోరి ఎవరూ గుట్ట ఎక్కరు. గొంతు పూడుకుపోయినవారికి మాటను, ఏడవలేనివారికి ఏడుపును ఆమె ప్రసాదిస్తుంది.