కొమరగిరి సెట్టి కొయ్య చదరంగం

అనగా అనగా సముద్రం ఒడ్డున ముత్యాలరేవు అని ఒక పట్నం. ఆ పట్నంలో కొమరగిరి సెట్టి అని ఒక మిరియాల వర్తకుడు ఉండేవాడు.

మనిషి మంచివాడు. మాట మెత్తన. తూకంలో మోసం ఎరగడు. తినే తిండిలోగాని కట్టే బట్టలోగాని ఆర్భాటం లేదు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. పడమటి నుంచి ఓడ వచ్చిందని తెలిస్తే చాలు, విస్తరి ముందు నుంచైనా లేచి రేవుకు పరుగెత్తేవాడు. ఓడవాళ్ళను అడిగే మాట కూడా ఒక్కటే. జర్మనీ దేశపు పాత చదరంగం ఏదైనా తెచ్చారా అని.

ఆ దేశంలో కొండల నిండా అడవులట. చలికాలం వస్తే మంచు ఇళ్ళ చూరు దాకా పేరుకుపోతుందట. అప్పుడు పొలం పని ఉండదు. రైతులు పొయ్యి పక్కన చేరి, చిన్న చాకుతో మెత్తని కొయ్య చెక్కుతూ చదరంగపు బొమ్మలు చేసేవారట. పాపం, వాళ్ళు ఏ రాజును చూశారు? ఏ సేనను చూశారు? అందుకని తమ ఊరి మనుషులనే చెక్కేవారు. వాళ్ళ రాజు గడ్డం పెంచిన ఊరిపెద్దలా ఉంటాడు. మన ఆటలో మంత్రి నిలిచే చోట వాళ్ళకు రాణి నిలుస్తుంది. ఆమె నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతుంది. ఏనుగు చోట కోట బురుజు, శకటు చోట ఉత్తరాలు మోసుకుపోయే పరుగువాడు. ఇక బంట్లు ఉన్నారే, ఒకరిలా ఒకరుండరు. పాలకుండ మోసే పిల్ల, గొర్రెను భుజాన వేసుకున్న కాపరి, రొట్టెల బుట్టతో పోయే పొట్టివాడు.

అటువంటి చదరంగాలు ముప్ఫై ఏళ్ళలో పదకొండు కూడబెట్టాడు సెట్టి. వాటికోసం అద్దాల బీరువా చేయించాడు. తాళంచెవి మొలతాటికి కట్టుకున్నాడు. రోజూ ఉదయం నెమలి ఈకతో ఒక్కొక్క బొమ్మకు దుమ్ము దులిపి, ఒక్కొక్కరినీ పలకరించి, మళ్ళీ తాళం వేసేవాడు. ఆయన భార్య పేరమ్మ కూడా వాటిని ముట్టుకోరాదు. ఆమె అలిగి, ఈ ఇంట్లో నాకు ఒకరిద్దరు సవతులున్నా నయమే, మూడువందల యాభై మంది అయ్యారని ఇరుగుపొరుగు వాళ్ళతో నవ్వుతూ చెప్పుకునేది.

ఇంత ప్రేమ ఉన్నా, సెట్టి ఆ బొమ్మలతో ఏనాడూ ఒక్క ఆట ఆడలేదు. ఆడితే అరిగిపోతాయని భయం.

ఆ పదకొండింటిలోనూ మొట్టమొదట కొన్న చదరంగం ఆయనకు ప్రాణం. అందులో ఒక పక్షం వాళ్ళు అడవి మనుషులు, అందరికీ కోసుగా ఉన్న టోపీలు. రెండో పక్షం వాళ్ళు లోయలోని రైతులు, అందరివీ బోడి తలలు. బొమ్మల అడుగున సీసం పోసి ఉంది గనక గట్టిగా నిలుస్తాయి. పలక మీద గడికీ గడికీ నడుమ గాడి తీసి ఉంది. ఎన్ని తరాలు ఆడారో ఏమో, బుగ్గలన్నీ నున్నగా అరిగిపోయి, తేనె రంగు తేలి, ఒక్కొక్క ముఖం పాలు తాగి పడుకున్న పసిబిడ్డలా ఉండేది.

ఇదిలా ఉండగా, ముత్యాలరేవు ఉన్న దేశాన్ని ఏలే చెన్నభూపతికి ఒక దిగులు వచ్చింది. ఆయన తల్లి లక్కమాంబకు చూపు పోయింది.

లక్కమాంబ చదరంగంలో దిట్ట. కొడుకు చిన్ననాడు అతనికి ఎత్తులు నేర్పింది ఆమే. అతను రాజయ్యాక కూడా కొలువు చాలించి రాగానే తల్లీకొడుకులు పలక ముందు కూర్చునేవారు. చూపు పోయాక ఆ ఆట ఆగిపోయింది. ఆమె దంతపు బొమ్మలు కంటికి అందమే గాని, చేతికి అన్నీ ఒకే నున్నటి గుండ్లు. ఏది మంత్రో ఏది శకటో తెలియదు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఊరికే కూర్చునేది. పిలిస్తే పలికేది. కొడుకు వస్తే, ఇవాళ ఎండ ఎక్కువగా ఉన్నట్టుంది కదా నాయనా అని, ఆపైన మాట లేక ఊరుకునేది. ఆ ఊరుకోవడమే రాజు గుండెను కోసింది.

మా తల్లి తిరిగి ఆడుకోగల చదరంగం ఎవరి దగ్గరైనా ఉంటే తెమ్మని రాజు దండోరా వేయించాడు. కంసాలులు వెండి బొమ్మలు తెచ్చారు. రత్నాల వర్తకులు కెంపులు పొదిగినవి తెచ్చారు. కెంపు చేతికి గరగరమంటుంది గాని, ఎర్రగా ఉందని చెప్పదు కదా. అవన్నీ తిరిగి వెళ్ళాయి.

దండోరా ముత్యాలరేవుకూ వచ్చింది. వినగానే సెట్టికి తెలిసిపోయింది. ఆ తల్లికి కావలసింది తన బీరువాలో ఉంది. తన ప్రాణచదరంగమే అది. టోపీ తగిలితే అడవివాడు, బోడితల తగిలితే లోయవాడు. వేలితో తడిమితే గడి తెలుస్తుంది. కళ్ళు లేనివారి కోసమే చెక్కారా అన్నట్టుంటుంది.

తెలిసింది గాని చెయ్యి రాలేదు. బీరువా తెరిచి, దాని ముందు చాలాసేపు నిలబడి, చివరికి కింది అరలోని మరో చదరంగం తీసుకుని కోటకు బయలుదేరాడు.

లక్కమాంబ ఆ బొమ్మలను తడిమి చూసింది. ఎన్నాళ్ళకో ఆమె పెదవి మీద నవ్వు కనబడింది. వీడెవడో పళ్ళు లేని ముసలివాడు, ఇదేమో అలిగిన పడుచు అంటూ ఒక్కొక్కరినీ గుర్తుపట్టింది. కాని ఆట మొదలుపెట్టబోయి ఆగిపోయింది. రెండు పక్షాల బొమ్మలూ ఒకే తీరున చెక్కి, ఒకదానికి నల్లరంగు పూశారు. ముఖాలు తెలుస్తున్నాయి గాని, నావాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలియడం లేదు సెట్టీ అంది. ఈ సంగతి సెట్టికి ముందే తెలుసు. తల వంచుకుని, బొమ్మలు సర్దుకుని, ఇంకొకటి తెస్తానని చెప్పి వచ్చేశాడు.

రెండోసారి ఇంకొకటి తీసుకువెళ్ళాడు. అందులో ఒక పక్షం సిపాయిలు, ఒక పక్షం వేటగాళ్ళు. చేతికి తేడా బాగా తెలుస్తుంది. లక్కమాంబ కొడుకును కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టింది. నాలుగు ఎత్తులు నడిచాయి. ఐదో ఎత్తుకు గుర్రాన్ని వెతుకుతూ ఆమె చెయ్యి చాచింది. ఆ బొమ్మల అడుగు సన్నం. ఒకటి పడి, పక్కదాన్ని పడగొట్టి, సగం పలక ఒరిగిపోయింది. ఆమె చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. తప్పు చేసిన పిల్లలు పెట్టుకున్నట్టు పెట్టుకుంది. సెట్టి వంగి పడిన బొమ్మలను ఏరసాగాడు. ఇలా అవుతుందని కూడా ఆయనకు ముందే తెలుసు.

అప్పుడు ఆమె అడిగింది. "ఇంతకన్నా మంచిది నీ దగ్గర లేదా సెట్టీ?"

"లేదు తల్లీ" అన్నాడు సెట్టి.

శ్రమపడి రెండుసార్లు వచ్చాడని రాజు ఆయనకు పట్టు శాలువా కప్పి పంపించాడు.

ఆ శాలువా కప్పుకుని ఇంటికి వస్తుంటే సెట్టికి భుజాల మీద నిప్పులు మోస్తున్నట్టనిపించింది. మర్నాడు ఉదయం నెమలి ఈక పట్టుకుని బీరువా తెరిచాడు. తనకు ప్రాణమైన బొమ్మల వంక చూడబోయాడు. చూడలేకపోయాడు. ఆ ముఖాలన్నీ ఎందుకు లేదన్నావని తనను అడుగుతున్నట్టే ఉంది. తాళం వేసేశాడు. వారం గడిచింది. పడమటి ఓడ ఒకటి వచ్చిందని ఎవరో చెబితే, సెట్టి విస్తరి ముందు నుంచి లేవలేదు. అన్నమూ తినలేదు.

పేరమ్మ చూసి చూసి పక్కన కూర్చుని, సంగతేమిటని అడిగింది. సెట్టి దాచలేక అంతా చెప్పాడు. చెప్పి, నేను ఆ తల్లికి అబద్ధం చెప్పాను, నిజమే, కాని ఇచ్చేస్తే ఆ బొమ్మలు ఏమైపోతాయి, రోజూ తడిమితే ఆ ముక్కులు, ఆ కళ్ళు అరిగిపోవా అని వాపోయాడు.

పేరమ్మ కోప్పడలేదు. "ఎవరి వేళ్ళ కిందనో అరిగి అరిగి, అంత అందం వచ్చాకే కదండీ అవి మీ చేతికి వచ్చాయి" అంది. "ఆ అరిగిన బుగ్గలనే కదా మీరు ముప్ఫై ఏళ్ళుగా ముద్దు చేస్తున్నది. మొదటివాడు మీలాగే తాళం వేసి ఉంటే, వాటిలో మీకు ఏం కనబడేది?"

సెట్టి లేచి బీరువా తెరిచాడు. ప్రాణచదరంగాన్ని దూదిలో చుట్టి, శాలువాను మడతపెట్టి పైన ఉంచి, మూడోసారి కోటకు బయలుదేరాడు.

రాజు తల్లి దగ్గరే ఉన్నాడు. సెట్టి మొదట శాలువా తీసి రాజు పాదాల దగ్గర పెట్టాడు. "తల్లీ, ఇంతకన్నా మంచిది లేదన్నాను. అది అబద్ధం. ఉంది. ఇవ్వలేక దాచుకున్నాను. ఇదే అది. ఇందులోనూ ఒక లోటుంది. పెద్దబాతును చంకన పెట్టుకున్న ముసలమ్మ పాతది కాదు. అసలు బంటు ఓడలోనే పోయింది. ఇది మన ఊరి బొమ్మల ముత్యాలాచారి చేత నేను చెక్కించింది" అన్నాడు.

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. తన తల్లి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ రోజు అతను మరచిపోలేదు. కాని లక్కమాంబ కొడుకు మోచేతి మీద మెల్లగా తట్టింది.

"ఆ రోజు లేదు తల్లీ అన్నప్పుడే నీ గొంతు వణికింది సెట్టీ" అంది. "ఉందని నాకు తెలుసు. ప్రాణంగా పెంచుకున్నదాన్ని అడిగి లాక్కోవడం నాకిష్టం లేకపోయింది. నీకు నువ్వై తెస్తే తెస్తావు, లేకపోతే లేదు అనుకున్నాను."

అంతకన్నా ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది సెట్టికి. కళ్ళు తుడుచుకుని పలక పరిచి, బొమ్మలు నిలబెట్టాడు.

ఆమె వేళ్ళు ముందు గాడులను వెతుక్కున్నాయి. తరవాత టోపీలను, బోడితలలను. పెద్దబాతు ముసలమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఈవిడ ముక్కు మన ముక్కే, ముక్కెరకు చోటు కూడా ఉంచాడు మీ ఆచారి అని నవ్వింది. ఆపైన కొడుకును కూర్చోమంది. ఒక్క బొమ్మా పడలేదు. ఒక్క ఎత్తూ తప్పలేదు. పొద్దు వాలే వేళకు తన గుర్రాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, లోయరాజుకు గురిపెట్టి నిలిపి, "ఆట కట్టింది నాయనా" అంది. ఎన్నో యుద్ధాలు గెలిచిన చెన్నభూపతి, ఆ ఓటమికి సంతోషం పట్టలేక తల్లి ఒళ్ళో తల పెట్టుకున్నాడు.

సెట్టి సెలవు తీసుకోబోయాడు. అంతలో లక్కమాంబ అడవిరాణి బొమ్మను చేతిలోకి తీసుకుని, వేలికొనతో ఆమె దుప్పటి మడతలో దేనికోసమో తడుముతూ, "ఈ బిడ్డ పేరేమిటి సెట్టీ?" అని అడిగింది.

సెట్టికి అర్థం కాలేదు. ఏ బిడ్డ తల్లీ అన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని చిటికెనవేలిని ఆ మడతలోకి నడిపించింది. అక్కడ, వెలుతురు చొరని లోతులో, మిరియపు గింజంత తల, చిన్న నుదురు, బుడిపెలాంటి ముక్కు. తల్లి రొమ్ముకు ఆనుకుని నిద్రపోతున్న పసికందు. చెక్కినవాడు కళ్ళకు దాచి, చేతులకు మాత్రమే ఇచ్చాడు. ముప్ఫై ఏళ్ళు రోజూ నెమలి ఈకతో దులిపినా సెట్టికి ఆ బిడ్డ ఉన్నట్టే తెలియదు.

ఆయన అక్కడే కూర్చుండిపోయాడు. వేలు ఆ మడతలోంచి తియ్యబుద్ధి కాలేదు.

ఆ తరవాత వారానికొకసారి కోటకు రమ్మని లక్కమాంబ ఆయనను పిలిపించింది. ముప్ఫై ఏళ్ళు చదరంగాలు కూడబెట్టినవాడికి, గుర్రం ఎలా దూకుతుందో అప్పుడు నేర్పింది. ఆయన ప్రతిసారీ ఓడిపోయేవాడు. ఓడి, నవ్వుతూ ఇంటికి వచ్చి, తక్కిన పదింటిలో ఒకటి తీసి పేరమ్మ ముందు పరిచేవాడు. ఇరుగుపొరుగు వాళ్ళూ వచ్చి కూర్చునేవారు. ఒక రొట్టెలవాడి బుట్టకు పిడి విరిగింది. ఒక కాపరి గొర్రెకు చెవి పోయింది. సెట్టి చిన్నబుచ్చుకోలేదు. ఆడేవాళ్ళ వేళ్ళ కింద ఆ బుగ్గలు మెల్లగా తేనె రంగు తేలుతుంటే చూసి మురిసిపోయేవాడు.

కనక పిల్లలూ, పెద్దలూ, ప్రేమించిన వస్తువును తాళం వేసి కాచినంతకాలం మనం దానికి కాపలావాళ్ళమే. మనసారా ఇంకొకరి చేతిలో పెట్టిననాడే అది ఎంత గొప్పదో మనకూ తెలుస్తుంది.