ఇంజనుకు బొట్టు

ఓబుళేసు తొందర మనిషి. తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ, ఒంగోలు దగ్గర గ్రానైటు క్వారీ, మద్రాసులో ఆఫీసు. కార్లో తిరిగి తిరిగి నడుం పడిపోతోందని సొంతానికి ఒక విమానం కొనాలనుకున్నాడు. కొత్తది కాదు, ఎవరో వాడి అమ్మేస్తున్న టర్బోప్రాప్. రెక్కకొక ఇంజను, ఇంజను ముందొక పంకా, లోపల మెత్తటి సీట్లు. బెంగళూరు అవతల, చిన్న విమానాలు దిగే ఒక మైదానంలో ఉంది.

బేరం కుదిరే రోజున చిక్కు పైలట్‌తో వచ్చింది. ఆయన కుదుర్చుకున్న పైలట్ కెప్టెన్ వకుళ, విమానం దగ్గరే నిలబడి చెప్పింది.

"ఇంజన్లు విప్పించి చూడాలి సార్. చూడకుండా నేను ఎక్కను, మిమ్మల్ని ఎక్కించను."

దళారి ప్రభాకరం తల అడ్డంగా ఊపాడు. విప్పడాలు, బిగించడాలు పెట్టుకుంటే ఈలోగా వేరే పార్టీ కొనేస్తుందన్నాడు.

ఓబుళేసుకు ఒళ్ళు మండింది. "నా లారీలన్నిటికీ మా అవ్వే బొట్టు పెట్టింది. ఒక్కటీ బోల్తా పడలేదు. అవ్వ చెయ్యి పడితే చాలు. నువ్విక రానక్కర్లేదమ్మా, ఇంకో పైలట్‌ను చూసుకుంటా" అన్నాడు.

వకుళ సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది.

అవ్వ అంటే మంగమాంబ, ఓబుళేసు గురువు. పెన్న ఒడ్డున చిన్న ఆశ్రమంలో ఉంటుంది. ఆమెను వెంటబెట్టుకునే వచ్చాడు, పక్కనే ఉన్న కార్లో కూర్చోబెట్టాడు. ఓబుళేసుకు భక్తి మెండు. ఓపికే లేదు పాపం.

అవ్వ కారు దిగి విమానం చుట్టూ నెమ్మదిగా తిరిగింది. కొత్తగా వేసిన తెల్లరంగు ఎండకు మెరిసిపోతోంది. ప్రభాకరం పళ్ళెంలో కుంకుమ పట్టుకుని వెంట నడిచాడు. అవ్వ వేలికి కుంకుమ అద్దుకుంది.

"ఇక్కడ పెట్టవ్వా" అని ఓబుళేసు విమానం ముక్కు చూపించాడు.

అవ్వ ఇంజను దగ్గరికి పోయి నిలబడింది. "దీని మూత తీయించు."

"ఎందుకమ్మా, పైన పెట్టండి, చాలు" అన్నాడు ప్రభాకరం.

"రంగుకు పెట్టి ఏం లాభం నాయనా? ఎగిరేది లోపల ఉంది కదా."

ప్రభాకరం నవ్వబోయాడు. అవ్వ నవ్వకపోయేసరికి మానుకున్నాడు. మూత తీయడం కుదరదన్నాడు. ఓనరు ఒప్పుకోడన్నాడు. చివరికి గొంతు పెంచి, "ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి, అదే షరతు" అన్నాడు.

ఓబుళేసు ఇరుకున పడ్డాడు. కొనకపోతే చేజారిపోతుంది. కొందామంటే అవ్వ కుంకుమ వేలు విమానానికి ఆనించడం లేదు.

"అవ్వా, లారీలకు పైనే పెట్టినావు గదా" అన్నాడు బతిమాలుతూ.

"లారీ ఆగిపోతే దిగి పక్కన నిలబడతావు" అంది అవ్వ.

ఓబుళేసు తలెత్తి ఆకాశం వైపు చూశాడు. అక్కడ పక్కన నిలబడే చోటేదీ కనబడలేదు. మొదటిసారి తమ్ముణ్ణి, క్వారీ మేనేజర్లను ఎక్కించుకుని తిరుపతి పోదామనుకున్నాడు. వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. భయం వేసింది, ఆ భయం వెనకే సిగ్గూ వచ్చింది.

"తీయనంటే పెట్టేది లేదు" అని అవ్వ వెనక్కి తిరిగింది.

గేటు దగ్గర వకుళ ఆటో కోసం చూస్తోంది. అవ్వ నేరుగా అక్కడికే పోయింది. "ఇట్లా రా తల్లీ" అని పిలిచి, వేలిమీది కుంకుమ ఆమె నుదుట పెట్టింది.

ఓబుళేసు అక్కడికి చేరేసరికి రొప్పుతున్నాడు.

"నీ విమానానికి బొట్టు పెట్టేసినాన్రా" అంది అవ్వ. "ఇంక పోదాం పా."

ఓబుళేసు వకుళ భుజం మీది సంచి అడిగి తీసుకుని, తనే మోసుకుంటూ కారు దాకా నడిచాడు.